దోమలమ్మ చేయి

పరిశోధనశాలలో ఆమెను అందరూ దోమలమ్మ అనేవారు. అసలు పేరు జీతాల గుమాస్తాకైనా గుర్తుందో లేదో! వలపెట్టెలో మోచేతి దాకా చేయి పెట్టి, ఆడదోమల ఆకలి తీరేదాకా కదలకుండా కూర్చోవడం ఆమె పని. మగవి పంచదార నీళ్లతో సరిపెట్టుకుంటాయి. రక్తం కావలసింది గుడ్లు పెట్టే తల్లులకే, అందుకే వాటిని విసుక్కోవడానికి ఆమెకు మనసొప్పేది కాదు.

ఒళ్లు వెచ్చబడితే చేయి పెట్టకూడదని అక్కడ నియమం. పోయిన వారం ఆమెకు ఒళ్లు వెచ్చబడింది. తను రాకపోతే దోమలు పస్తుంటాయని బెంగ. జలుబేలే అని తనకు తానే సర్దిచెప్పుకుని చేయి పెట్టేసింది. మొండిఘటం, ఏం చేస్తాం!

చివరికి చలితో పళ్లు టకటకలాడుతుంటే భర్త బలవంతాన క్లినిక్కు లాక్కెళ్లాడు.

"మలేరియా. ఇంతకుముందు వచ్చిందా?" అంది నర్సు.

"పోయినేడు వచ్చింది. జ్వరం తగ్గాక మాత్రలు మానేశా."

"అదే మరి! కాలేయంలో కొన్ని మలేరియా క్రిములు దాక్కుని నిద్రపోతాయమ్మా. ఇప్పుడు లేచి రక్తంలోకి దిగాయి."

దోమలమ్మకు వెంటనే తన వలపెట్టె గుర్తొచ్చింది. తన రక్తంలోని క్రిములు తన దోమల్లోకీ వెళ్లే ఉంటాయి. అక్కడ ఆ క్రిముల్లో ఆడా మగా కలిసి, దోమ కడుపు గోడకు బుడిపెలు కడతాయి. అవి పగిలితే పిల్లలు బిలబిలమంటూ లాలాజలంలోకి చేరతాయి. ఇక ఆ దోమ ఎవరిని కుడితే వాళ్లకు జ్వరమే. రెండు రోజులుగా ఆ పెట్టెలో తన బదులు చేయి పెడుతున్నది ఆడపడుచు. మొన్ననే నెల తప్పిన పిల్ల. ఆ పనిలో పెట్టించిందీ తనే.

ఆడపడుచుకు ఫోన్ చేసింది. మోగింది కానీ ఎత్తలేదు. దోమల గదిలోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. భర్తను మందుల దగ్గరే వదిలేసి బస్సెక్కింది కానీ కూర్చోలేకపోయింది. లేస్తుంది, కిటికీలోంచి చూస్తుంది, కూర్చుంటుంది, మళ్లీ లేస్తుంది.

"కూర్చోమ్మా, నువ్వు నిలబడితే బస్సు తొందరగా పోదు," అన్నాడు కండక్టరు.

ఆమె ఒగరుస్తూ గదిలోకి వెళ్లేసరికి ఆడపడుచు చేయి తుడుచుకుంటోంది.

"ఇప్పుడే అయింది వదినా. ఏం తాగుతాయో, మహాతల్లులు!"

దోమలమ్మ జరిగింది దాచకుండా చెప్పేసింది. ఆడపడుచు మొహంలో నెత్తురుచుక్క లేదు.

సంగతి విన్న పరిశోధనశాల పెద్ద డాక్టరమ్మ తిట్టడానికి కూడా ఆగలేదు. పెట్టెలోంచి కొన్ని దోమలను తీయించి, ఒక్కొక్కదాన్నీ కోసి మైక్రోస్కోపు కింద చూసింది. వదినా ఆడపడుచులు ఒకరి చేయి ఒకరు పట్టుకుని నిలబడ్డారు.

"కడుపు గోడ మీద బుడిపెలున్నాయి," అంది డాక్టరమ్మ. మరి కొంతసేపటికి తలెత్తింది. "లాలాజల గ్రంథుల్లో ఏమీ లేదు. ఇంకా అక్కడిదాకా చేరలేదు. అయినా నీకు పరీక్షలు చేయిస్తూనే ఉంటాం."

ఆడపడుచు కుర్చీలో కూలబడి, నవ్వుతూనే ఏడ్చేసింది. "నీ మొండితనానికో దణ్ణం వదినా!"

"పెట్టె మొత్తం ఫ్రీజర్లో పెట్టేయాలి. ఎవరికైనా చెప్పనా?" అడిగింది డాక్టరమ్మ.

"వద్దమ్మా. నేను పెంచినవి."

రెండు చేతులా పెట్టెను ఎత్తుకుంది. జ్వరంతో కాలుతున్న వేళ్లు వలకు తగలగానే, ఆకలి తీరని దోమలు కొన్ని వచ్చి వాలాయి. ఆమె వేళ్లు తీయలేదు. ఫ్రీజర్ తలుపు దాకా తాగనిచ్చింది.