కుమారి ఎడమచెయ్యి

కుమారితో వాదనకు దిగి నెగ్గినవాళ్లను నేను చూడలేదు. నేనూ ఎన్నడూ నెగ్గలేదు. 2008లో సికింద్రాబాదులోని ఒక కంప్యూటర్ల దుకాణంలో ఆమె అమ్మకాల్లో ఉండేది, నేను వెనక బల్ల దగ్గర రిపేర్లు చేసేవాణ్ణి. మల్కాజ్‌గిరి నుంచి లోకల్ రైల్లో వచ్చేది. వాళ్లది విజయనగరం వైపు. ఇక్కడికి వచ్చి పదేళ్లయినా ఆ యాస పోలేదు, ఆమె పోనివ్వనూ లేదు.

ఆమెది ఎడమచేతి వాటం. బళ్లో పంతులుగారు ఆ చేతిని బెంచీకి కట్టేసి, కుడిచేత్తో దిద్దించేవారట. కట్టు విప్పగానే ఈవిడ మళ్లీ ఎడమచేత్తోనే మొదలుపెట్టేదట.

మా యజమాని హరికిషన్‌కు బోణీ బేరం దగ్గర ఎడమచెయ్యి కనిపిస్తే ఒళ్లు మండేది. ఆమెను నెల రోజులు చూసి ఉంచుకుంటానని తీసుకున్నాడు. ఆ నెల శనివారంతో ముగుస్తుందనగా శుక్రవారమే పిలిచి చెప్పేశాడు.

"జూడు కుమారీ, రేపు పొద్దుగాల డాక్టరమ్మ ఒస్తది. గా కొత్త ల్యాప్‌టాప్ కుడిచేత్తోనే చూపియ్యాలె. లేకుంటే ఇగ రాకు."

నేను కూడా సర్దుకుపొమ్మనే చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ ల్యాప్‌టాప్ అప్పట్లో మాకు వింత. తెరను గిర్రున తిప్పి కీబోర్డు మీద పడుకోబెడితే పలక అయిపోయేది. వేలితో తాకితే పలికేది. దాని పెన్నుతో ఇంగ్లీషులో రాస్తే అచ్చక్షరాలుగా మార్చి పెట్టేది.

శనివారం పొద్దున్నే దేవకృప గారు వచ్చారు. బొల్లారంలో ఆవిడకు క్లినిక్ ఉంది. కుమారి బుద్ధిగా కుడిచేత్తో పెన్ను పట్టుకుని ఫీవర్ అని రాసింది. యంత్రం ఇంకేదో చదివింది. మళ్లీ రాస్తే అంకెలు వచ్చాయి.

"దీనికన్నా నా చీటీ నయం, మందుల షాపువాడైనా చదువుతాడు" అని నవ్వి, డాక్టరుగారు బ్యాగు అందుకున్నారు.

కుమారి పెన్ను ఎడమచేతికి మార్చుకుంది. గల్లాపెట్టె దగ్గర హరికిషన్ గట్టిగా దగ్గాడు. ఆమె తలెత్తలేదు. సెట్టింగుల్లోకి వెళ్లింది. మీరు ఏ చేత్తో రాస్తారని అక్కడొక ప్రశ్న ఉంది. ఎడమ అని నొక్కింది. ఎడమచేతి కింద దాక్కునే మెనూలు ఇప్పుడు కుడివైపు తెరుచుకున్నాయి.

"చూసినారా మేడమ్, ఈ మిషను అడిగింది. మా బళ్లో ఎవులూ అడగనేదు."

ఆ గొంతులో కోపం ఉంది, సంతోషమూ ఉంది. మందుల చీటీ ఒకటి నిండుగా రాసింది. ఒక్క అక్షరం కూడా తప్పుగా రాలేదు. తరవాత దాని లోపాలు చెప్పడం మొదలుపెట్టింది. అడుగున వేడెక్కుతుందట, రెండు మూడు ప్రోగ్రాములు ఒకేసారి తెరిస్తే నెమ్మదిస్తుందట, బ్యాటరీ మూడు గంటలు రావడమే ఎక్కువట. చేత్తో పట్టుకుని నిలబడి ఎక్కువసేపు రాస్తే బరువుకు చెయ్యి లాగుతుందని కూడా చెప్పింది. నేను లోపల తల పట్టుకున్నాను.

దేవకృప గారు కొన్నారు.

హరికిషన్ ముఖం వెలిగింది గాని బుద్ధి మారలేదు. "బిల్లన్న కుడిచేత్తో ఇయ్యి జెర" అని గొణిగాడు. కుమారి ఎడమచేత్తోనే ఇచ్చింది. డాక్టరుగారు మెట్లు దిగేదాకా ఆగి, గల్లాపెట్టె ముందుకు వెళ్లి నిలబడింది.

"సార్, రావద్దంటే ఇప్పుడే చెప్పండి. వచ్చినానంటే ఈ చెయ్యి కూడా నాతో వస్తాది."

హరికిషన్ ఆమె చేతిని చూశాడు, బల్ల మీద ఖాళీ అయిన చోటును చూశాడు.

"సోమవారం జెర జల్దీ రా," అన్నాడు చివరికి. "బోణీకి నువ్వే ఉండాలె."