బోణీ ఆర్డరు

కొట్టులో గల్లాపెట్టె పక్కన పెరిగినదాన్ని. వంకాయలు కొనాలన్నా రెండుసార్లు వెళ్లిపోతున్నట్టు నటించి గాని కొనను. అలాంటి నేను మైపాడు ఎండుచేపలూ పచ్చళ్లూ ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలుపెట్టాక, వచ్చిన ఆర్డరు వెంటనే ప్యాకింగుకు పోకుండా గంటసేపు ఆగేలా పెట్టించాను. కొన్నవాళ్లు మనసు మార్చుకున్నా, అడ్రసు తప్పినా ఆలోగా సరిచేసుకోవచ్చు. గంట దాటాకే అది కోవూరులో మా తమ్ముడి ఫోనుకు చేరుతుంది. చుట్టుపక్కల ఊళ్లకైతే వాడే ప్యాక్ చేసి బండి మీద ఇచ్చొస్తాడు.

అమ్మకిది నచ్చలేదు. "బోణీ బేరాన్ని గుమ్మంలో నిలబెడతారంటే? ఇంక పొద్దు గూకిందాకా ఈగలు తోలుకోవాల్సిందే" అంది.

నాకూ లోపల ఆ భయం ఉంది. అందుకే రోజూ మొదటి ఆర్డరును మాత్రం ఆపకుండా నేనే నొక్కి పంపేసేదాన్ని. కంప్యూటరుకు లేని తెలివి నాకుందని మురిసిపోయేదాన్ని కూడా.

డిసెంబరు మొదట్లో ఒక పొద్దున బోణీ ఘనంగా పడింది. కిలో ఎండు వంజరం, కిలో నెత్తళ్లు, కొడవలూరు అడ్రసు. ఫోను కళ్లకద్దుకుని పంపేశాను. ముప్పావుగంటలో ఇంటిపని ముగించి వచ్చేసరికి ఫోను మోగుతోంది. నెల్లూరులో ఉండే మా పాత కస్టమరు, పెద్దావిడ.

"అమ్మాయ్, ఆ ఆర్డరు అడ్రసు మార్చు. పోయిన నెల మా కాబోయే వియ్యాలవారికి పచ్చడి పంపినా గదా, అదే ఉండిపోయింది. నేను చూసుకోలా."

"పోనీలే అక్కా, వాళ్లు చేపలు తినరా ఏంది?"

"పెళ్లికొడుకు నాయన అయ్యప్ప మాలలో ఉండాడమ్మే! ఎల్లుండి మాటలు ఖాయం చేసుకోవాల. ఇప్పుడు ఎండుచేపలు పోతే ఎగతాళి చేసినాం అనుకోరా? పిల్ల సంబంధం ఏం గావాల? గంట టైముందని నువ్వే రాసినావు గదా!"

తమ్ముడికి ఫోను చేశాను. ఎత్తలేదు. మళ్లీ మళ్లీ చేస్తే చివరికి ఎత్తాడు.

"ఇచ్చేసినా అక్కా. బోణీ గదా, టీ గూడా తాగకుండా పోయినా."

"ఎవరికిచ్చినావురా?"

"నల్లబట్టల స్వామికి. రెండు చేతులూ చాపి తీసుకున్నాడు."

విన్న అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆర్డరులో కొడవలూరు అడ్రసు కింద ఉన్న నంబరుకు చేస్తే పెళ్లికొడుకు నాయనే ఎత్తారు. ఏ బేరంలోనైనా ఎదుటివాళ్ల చేతే ముందు మాట్లాడించే నేను, ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పేశాను. ఆవిడ తప్పేం లేదనీ, తొందరపడింది నేనేననీ, మన్నించమనీ. సంబంధం నా చేతుల మీదుగా పోయిందనుకున్నాను.

"ఏం చేపలు?" అన్నారాయన, పక్కనెవరో వింటారన్నట్టు.

"వంజరం, నెత్తళ్లు స్వామీ."

"వాసన గేటు కాడే తెలిసింది. తెరవకుండా పక్కింట్లో పెట్టిచ్చినా. మాల తీసినాక తెచ్చుకుంటా, వెనక్కి అడగబాకండి. ఎల్లుండి వాళ్లను రమ్మనండి."

వెంటనే పెద్దావిడకు చేసి చెప్పాను. ఏడుస్తుందో, తిడుతుందో అనుకున్నాను. గట్టిగా ఊపిరి వదిలింది.

"బతికిచ్చినావు తల్లీ. సరే, మరి నా చేపలో? డబ్బులు కట్టింది నేను గదా!"

బేరమాడకుండా ఇంకో కిలో వంజరం, కిలో నెత్తళ్లు ఆవిడ అడ్రసుకు రాసుకున్నాను.