మూడుసార్లు చనిపోయిన రాణి

నీరజ పుట్టింది ఇంగ్లండులో. కన్నతల్లి తెల్లావిడ, తండ్రి జమైకా మనిషి. పెంచే దారిలేక పిల్లను దత్తతకిచ్చారు. అక్కడి ఆసుపత్రిలో పనిచేసే డాక్టర్ శేషుకుమారి దంపతులు ఆర్నెల్ల పసికందును పెంచుకుని, ఐదేళ్ల తర్వాత ఆస్ట్రేలియాలోని పెర్త్ వచ్చి కానింగ్ వేల్ పేటలో స్థిరపడ్డారు. శేషుకుమారి కారు నడిపినా, కూర తరిగినా నోట్లో నాటకాల పద్యం ఆడాల్సిందే. పిల్ల ఆ పద్యాలు వింటూనే అన్నం తిని, వింటూనే నిద్రపోయింది.

పెద్దయ్యాక నటే అయింది. యూనివర్సిటీలో డ్రామా చదివింది, టీవీలో పదేళ్లు నర్సు వేషాలు వేసింది, ముప్పై మూడో ఏట పెద్ద థియేటర్లో ఇంగ్లీషు నాటకానికి నాయిక అయింది. పేపర్లన్నీ పొగిడాయి. మరి మన తెలుగు సంఘంవాళ్లు ఏ వేషమిచ్చేవారు? దొరసాని! ఏటేటా దొరసానే! మనవాళ్లకు కళ్లున్నాయి గానీ చెవుల్లేవు, ఏం చేస్తాం.

కిందటేడు పద్యనాటకం వేస్తున్నారని తెలిసి తనే వెళ్లి అడిగింది.

"అంకుల్, ఈసారి రాణి వేషం నాకివ్వండి."

దర్శకుడు రాధాకృష్ణ నవ్వాడు. "పద్యానికి నీకు నోరు తిరగదమ్మా. డోంట్ ఫీల్ బ్యాడ్. నీకోసం దొరసాని పార్ట్ రాశాంగా?"

నీరజకు ఒళ్లు మండింది. వీళ్ల మధ్యే పెరిగి ఇంకా పరాయిదేనా? అక్కడికక్కడే గొంతెత్తి అమ్మ పాడే పద్యమొకటి అందుకుంది. రాధాకృష్ణ చేతిలో టీ చల్లారిపోయింది.

"వేషం నీదే," అన్నాడు చివరికి. "కానీ హాల్లో జనం ఒప్పుకోవాలిగా!"

నాటకం రోజు రానే వచ్చింది. రాణి ఆఖరి పద్యం పాడి, రాగం తీసి తీసి, నేలకూలింది. "వన్స్ మోర్!" అని ఎవరో అరిచారు. హాలంతా అందుకుంది. నీరజ మాత్రం కదల్లేదు. ఇంగ్లీషు స్టేజి మీద చచ్చినవాళ్లు చచ్చినట్టే పడుండాలి మరి! కన్ను తెరిస్తే పరువు పోతుందని బిగుసుకుపోయింది. జనం ఆగితేగా!

ముందు వరసలోంచి శేషుకుమారి లేచి కేకేసింది. "లేవవే తల్లీ! మనవాళ్లు అడిగితే చచ్చినా లేచి పాడాల్సిందే!"

రాణి లేచింది, చీర దులుపుకుంది, మళ్లీ పాడింది, మళ్లీ చచ్చింది. మళ్లీ వన్స్ మోర్! ఈసారి ముందుగా అరిచింది తెరపక్కనున్న రాధాకృష్ణే. నీరజ నవ్వాపుకోలేక లేచి మూడోసారి ఎత్తుకుంది.

వెనక కుర్చీలో కూర్చున్నావిడ, ఈ ఊరికి కొత్త, శేషుకుమారి భుజం తట్టింది. "ఎంత బాగా పాడుతోందండీ! ఎవరమ్మాయి? మనవైపు ఏ ఊరివాళ్లు?"

శేషుకుమారి కళ్లు తుడుచుకుంది. "మా అమ్మాయేనండీ. మాది తెనాలి."