ఓవెన్ కడిగిన నిమ్మనీళ్లు

మెట్‌పల్లిలో క్రిస్మస్ కేకులు కాల్చిన మరునాడు మా ఓవెన్ బంధువులకు చూపించే స్థితిలో లేదు. గిన్నెడు నీళ్లలో నిమ్మకాయ పిండి, ఓవెన్‌లో పెట్టి కాగనిస్తే ఆవిరికి జిడ్డు మెత్తబడుతుంది. తర్వాత గుడ్డతో తుడిస్తే చాలు. గిన్నె తీసి గట్టు మీద పెట్టి తుడవడంలో మునిగిపోయాను.

తలెత్తేసరికి గిన్నె లేదు. ముందుగదిలో మా చర్చి అయ్యగారు గ్లాసు పట్టుకుని కూర్చున్నారు.

“అవ్వా, గా నిమ్మనీళ్లేవి?” అని అమ్మను అడిగాను.

“నువ్వు పొట్ట తగ్గాలని రోజూ తాగేటియే గదరా! తేనె కలిపి అయ్యగారికిచ్చిన. ఆయనకు గూడ జర పొట్టున్నది” అని గుసగుసలాడింది మా అమ్మ.

అయ్యగారు అప్పటికే కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ప్రార్థనకు అడ్డుపడే అలవాటు మా ఇంట్లో లేదు. ఆయన ప్రార్థనలు మరీ పొడవని ఎప్పుడూ సణిగే నేను, ఆ ఒక్కటి ముగియకూడదని కోరుకున్నాను. ముగిసింది. గ్లాసూ ఖాళీ అయింది.

“మస్తున్నయమ్మా! కేకు వాసన గూడ వస్తున్నది.”

ఆదివారం ఆయన ఎప్పటంత సేపూ ప్రసంగించాకే నా ప్రాణం కుదుటపడింది. మొన్న వచ్చినప్పుడు మళ్లీ అవే అడిగి, ఒక గుక్క తాగి, “గా రుచి రాలేదమ్మా” అన్నారు. అమ్మ నావైపు చూసింది.

ఓవెన్ శుభ్రమైతే నష్టాలు కూడా ఉంటాయని ఏ చిట్కాలోనూ చెప్పరు.