వెనక్కి తెచ్చిన మాత్రలు

2022 వానాకాలం. నాంపల్లి స్టేషన్ దారిలో ఒక మందుల షాపులో ఫార్మసిస్టుగా చేస్తున్నాను. మిగిలిన మందులు వాపసిచ్చి డబ్బు తీసుకోవడం మా దగ్గర మామూలే. ఆ సాయంత్రం శకుంతలమ్మగారు అందుకే వచ్చారు. అబిడ్స్‌లో వాళ్లది గాజుల దుకాణం. కౌంటర్ మీద పెట్టినవి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు. వెంట ఆరేళ్ల మనవరాలు కావ్య.

కావ్యకు నెఫ్రోటిక్ సిండ్రోమ్. కిడ్నీల్లోంచి ప్రోటీన్ మూత్రంలోకి కారిపోయి ఒళ్లంతా నీరు పడుతుంది. చాలామంది పిల్లలకు స్టెరాయిడ్‌తో తగ్గుతుంది. కాకపోతే మళ్లీ మళ్లీ వస్తుంది.

"వాపు దిగింది బిడ్డా, ఇంక గోలీలెందుకు? మొఖం జూడు, ఎట్ల గుండ్రంగయిందో. పెండ్లిల తలా ఒక మాట అన్నరు," అన్నారామె. కొడుక్కీ కోడలికీ చెప్పకుండా తెచ్చారట.

వారాలపాటు వాడిన ఈ మందును ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చనీ, డాక్టర్ చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించాలనీ చెప్పాను. ఆ బుగ్గలు మందు వల్ల వచ్చినవే, డోసు తగ్గితే అవీ తగ్గుతాయన్నాను. నాకూ ఆ ఈడు కూతురుంది, అది తుమ్మితేనే నాకు దడ.

ఆమె వాదించలేదు. "పొద్దున ఇయ్యలే. ఇప్పుడేం జెయ్యాలె?" అని మాత్రం అడిగారు.

కావ్యను చూసే డాక్టర్‌కు ఫోన్ చేశాను. ఏదైనా తినిపించి వెంటనే వేయమన్నారు. ఆమె పక్క బండి మీద అరటిపండు కొనుక్కొచ్చారు.

"చేదుంటది నానమ్మా," అంది కావ్య.

"చేదే. మింగు, నన్ను తర్వాత తిట్టుదువు."

మాత్ర వేశాక నా ఎదుటే కోడలికి ఫోన్ చేసి, తాను చేసిందంతా ఏదీ దాచకుండా చెప్పారు. ఆ వయసులో కోడలి ముందు అలా ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. అప్పటినుంచి మాత్ర ఇచ్చే పనీ, రోజూ పొద్దున మూత్రంలో టెస్ట్ స్ట్రిప్ ముంచి ప్రోటీన్ చూసే పనీ ఆమే తీసుకున్నారు.

చలికాలంలో జలుబు చేసి కావ్యకు జబ్బు తిరగబెట్టింది. ఒళ్లు వాచకముందే స్ట్రిప్ రంగు మారడం చూసి ఆమె దవాఖానకు తీసుకెళ్లారు. కొత్త చీటీతో వచ్చినప్పుడు నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మళ్లొచ్చింది, మళ్ల పంపుతం. మందు పంజేస్తున్నది గదా. నువ్వు ఫికర్ చెయ్యకు బిడ్డా," అన్నారామె.

జబ్బు తిరగబెడితే ఓడిపోయినట్టేనని అప్పటిదాకా అనుకునేదాన్ని. తిరిగి రావడం ఆ జబ్బు స్వభావం. వచ్చిన ప్రతిసారీ మొదటిసారి ఉన్నంత ఓపికతో మందు మొదలుపెట్టడం పెంచేవాళ్ల పని.