నూనె కాగితంతో దించిన ప్రేగుల బొమ్మ

మొన్న ఆదివారం ఆరాధన ముగించుకుని వచ్చి తెనాలిలో మా ఇంటి వరండాలో కూర్చున్నానో లేదో, ఎనిమిదో తరగతి చదివే మా మనవరాలు ట్యాబ్ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అందులో చర్మం లేని మనిషి బొమ్మ ఒకటి, లోపలి అవయవాలన్నీ తలో రంగులో కనబడుతూ నిలబడి ఉంది. వేలితో తోస్తే గిరగిరా తిరుగుతుంది, ముందు నుంచి, వెనక నుంచి, ఎటు నుంచి కావాలంటే అటు నుంచి చూసుకోవచ్చు. ఉండూకం, అదే అపెండిక్స్, ఎటువైపు ఉంటుందో చెప్పమని మనవరాలు నాకు పరీక్ష పెట్టింది. బాపట్లలో ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పినదాన్ని, ఆ బొమ్మ వంక చూడనైనా చూడలేదు. నా చెయ్యి దానంతటదే నా పొట్ట మీద కుడివైపు కిందికి పోయింది. ఆ చేతికి దారి ఎలా తెలిసిందో మనవరాలికి చెప్పలేదు కానీ మీకు చెబుతాను, మన ఈడువాళ్ళకి నూనె కాగితమంటే ఏమిటో వివరించే పని ఉండదు గనక.

మాది రేపల్లె. నాన్న బాపట్లలో రైసుమిల్లులో పనిచేస్తూ పదిహేను రోజులకొకసారి వచ్చేవాడు. అమ్మ ఇంట్లో మిషను మీద జాకెట్లు కుట్టేది. అమ్మకి చదువు రాదు. చర్చిలో పాటలన్నీ నోటికి వచ్చు గనక అందరిలాగే తనూ పాటల పుస్తకం తెరిచి పట్టుకునేది, అది ఒక్కోసారి తలకిందులుగా ఉంటే పక్కనున్న నేను ఎవరూ చూడకుండా తిప్పి పెట్టేదాన్ని. ఇంట్లో అక్షరం ముక్క వచ్చినదాన్ని నేనొక్కదాన్నే గనక నేను ఏది చెబితే అమ్మకి అదే నిజం.

పదో తరగతికి కొన్న పాత సైన్సు పుస్తకంలో సరిగ్గా జీర్ణవ్యవస్థ బొమ్మ ఉన్న పేజీనే ఎవరో చింపుకుపోయారు. నా అవస్థ చూసి మా మాస్టారు స్కూలు గోడకి ఉండే పెద్ద చార్టు ఒక శనివారం నా చేతికిచ్చి, సోమవారం బడి గంట కొట్టేలోగా తెచ్చెయ్యమన్నారు. పల్చటి కాగితాలు నాలుగు అంటించి, కొబ్బరినూనె రాసి, ఎండలో ఆరబెట్టి, చార్టు మీద పరిచి, కింద కనబడే గీతలన్నీ మెత్తటి పెన్సిలుతో దిద్దాను. తరవాత ఆ కాగితాన్ని తిరగేసి కొత్త అట్ట మీద వేశాను, చెంచా వెనక భాగంతో నాతోపాటు అమ్మ కూడా కూర్చుని రుద్దింది. కాగితం ఎత్తగానే ఆహారవాహిక, జీర్ణాశయం, చిన్నప్రేగు, పెద్దప్రేగు అన్నీ అట్ట మీదికి దిగి ఉన్నాయి. తిరగేసి రుద్దితే బొమ్మ కుడిఎడమలు తారుమారవుతాయన్న సంగతి నాకు తట్టలేదు. రంగులు వేసి పేర్లు రాసి మిషను పైన గోడకి తగిలించాను.

ఆ బొమ్మతో నాకు వీధిలో ఎంత పేరు వచ్చిందని. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళకల్లా అమ్మ అది చూపించేది, వాళ్ళు తమ కడుపుమంటా తేన్పులూ నాకు ఏకరువు పెట్టేవాళ్ళు. నేను గజంబద్ద పట్టుకుని కాలేయం ఇది, క్లోమం ఇది అని పాఠం చెప్పేదాన్ని. ఆ కాస్త చదువుకే నాకు కళ్ళు నెత్తికెక్కాయి.

పరీక్షలు దగ్గర పడుతుండగా ఒక రోజు పొద్దున అమ్మకి బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. మధ్యాహ్నానికి అది కుడివైపు కిందికి దిగి నిలిచిపోయింది. పక్కింటి అత్త చూసి, ఇది ఇరవైనాలుగు గంటల నొప్పిలా ఉంది, తెనాలి ఆసుపత్రికి పోదాం పదమంది. ఆ నొప్పి ఉండూకం వాచి వచ్చేదని నాకు తెలుసు, గజంబద్ద తీశాను. బొమ్మలోని మనిషి మనకి ఎదురుగా నిలబడినట్టు లెక్క, బొమ్మలో కుడిచేతి వైపు కనబడేది మనకి ఎడమవైపు ఉంటుందని మాస్టారు చెప్పారు. నా బొమ్మలో ఉండూకం కుడిచేతి వైపు ఉంది. కాబట్టి అది అమ్మకి ఎడమవైపు ఉండాలి, నొప్పేమో కుడివైపు, ఇది ఉత్త గ్యాసు నొప్పి అని తేల్చేశాను.

అత్త గొణిగింది. అమ్మ పళ్ళు బిగపట్టి, "అది చదువుకున్న పిల్ల వదినా. అది చెప్పాక ఇంకేముంది, కాస్త వాము నీళ్ళు తాగుతాలే" అంది.

మర్నాటికి ఒళ్ళు కాలిపోతోంది, కడుపు చెక్కలా బిగిసిపోయింది. అత్తా నేనూ చెరో రెక్కా పట్టుకుని రైలెక్కించి తెనాలి తీసుకెళ్ళాం. ఉండూకం లోపల పగిలిపోయిందనీ, నిన్ననే తేవాల్సిందనీ డాక్టరమ్మ కోప్పడింది. ఆవిడ గదిలో గోడకి అచ్చు చార్టు ఉంది. అందులో ఉండూకం ఎడమచేతి వైపు ఉంది, నా బొమ్మకి సరిగ్గా ఎదురు వైపు. నూనె కాగితం తిరగేసిన క్షణం అప్పుడు గుర్తొచ్చింది. అమ్మ చచ్చిపోతుందనీ, చంపింది నేనేననీ మూడు రోజులు ఆసుపత్రి వరండాలో ఏడుస్తూనే ఉన్నాను. నాన్న వచ్చి ఎందుకిలా ఆలస్యమైందని అడిగితే అత్త నా వైపు చూసి, మాకు తెలియలేదని నా మాట ఎత్తకుండా తేల్చేసింది.

కుడివైపు కోసి ఆపరేషన్ చేశారు, అమ్మ బతికింది. ఇంటికి తెచ్చే ముందు నేను పోయి ఆ బొమ్మ పీకి మంచం కింద పడేశాను. అమ్మ గుమ్మంలో అడుగుపెట్టగానే ఖాళీ గోడ చూసి, బొమ్మేదని అడిగి, మళ్ళీ తగిలించేదాకా పడుకోలేదు. నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు. పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది, బొమ్మ సరిగ్గానే వేశాను.

ఆరేళ్ళ తరవాత టీచరు ఉద్యోగంలో చేరడానికి బాపట్ల బయల్దేరుతున్న రోజున అమ్మ ఆ బొమ్మ గోడ మీంచి దించి, చుట్ట చుట్టి, పిల్లలకి చూపించమని నా చేతికిచ్చింది. అప్పుడిక ఆగలేక అంతా చెప్పేశాను. అమ్మ దారం కడుతూనే ఉంది.

"తెలుసులేమ్మా. కోత ఎటుపక్కనుందో నా ఒంటి మీద నాకు తెలియదా ఏంటి."

మరి మళ్ళీ ఎందుకు తగిలించమన్నావని అడిగాను.

"తీసేస్తే దాంతోపాటు నువ్వు పుస్తకాలు కూడా అవతల పడేసేదానివి" అంది.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆ పాఠం వచ్చినప్పుడల్లా నేను బొమ్మ కుడీ తమ కుడీ ఒకేవైపు వచ్చేలా పిల్లల్ని చార్టుకి వీపు పెట్టి నిలబెట్టి, ఎవరి పొట్ట మీద వాళ్ళని చెయ్యి వేసుకోమని, అలా చెప్పేదాన్ని. మొన్న మనవరాలి చేత కూడా ట్యాబ్ పక్కన పెట్టించి అలాగే చెయ్యి వేయించాను. అది కితకితలు పెట్టినట్టు నవ్వింది. ఇప్పటి బొమ్మలు ఎంత తిప్పినా కుడిఎడమలు మారవు, అది మంచిదే, ఆ రోజు మా ఇంట్లో అలాంటిది ఒకటుంటే అమ్మకి ఆ బాధ తప్పేది. కానీ తప్పని తెలిసిన బొమ్మని కళ్ళెదురుగా ఆరేళ్ళు గోడకి ఉంచుకుని, దాని కింద కూర్చుని జాకెట్లు కుట్టి నన్ను చదివించిన మనిషి ఇప్పుడు లేదు.