హెస్టర్ గదీ, నా పరువూ

హెస్టర్ గఫ్ కంట కొత్త వస్తువు పడకూడదు. పడిందా, సాయంత్రానికల్లా దానికి అరవయ్యేళ్ల వయసు మీదపడుతుంది. కొత్త దిండు గలీబును టీ డికాక్షన్‌లో ముంచి పచ్చబారుస్తుంది. కొత్త అద్దానికి ఏదో పూసి మచ్చలు తెప్పిస్తుంది. కొత్త కుర్చీని పెరట్లోకి ఈడ్చి సైకిల్ గొలుసుతో బాదుతుంది. మొదటిసారి ఆ చప్పుడు విని, ఎవరినో చంపుతున్నారనుకుని నేను గోడ దూకి వెళ్లాను.

"ఏంటండీ ఈ ఘోరం?"

"పాతది చేస్తున్నా అబ్బాయ్. మా అమ్మమ్మ కాలం నాటి కుర్చీలా లేదూ?"

"పాతదే కొనుక్కోవచ్చుగా?"

"బాగుంది! పాతదాన్ని బాదితే విరిగిపోదూ?"

నాకు అరవయ్యారేళ్లు. ఆవిడకు డెబ్బయ్యారు. మా ఇళ్ల మధ్య ఉన్నది ఒక్క పిట్టగోడ. అందుకని ముప్ఫయ్యేళ్లుగా నేను ఆవిడకు 'అబ్బాయ్'నే.

నా బాధేమిటో చెప్పనివ్వండి. నేను వడ్రంగిని. ఇంగ్లండులోని ఈ ష్రాప్‌షైర్ కొండల్లో నలభయ్యేళ్లు కలప కోశాను. నేను చేసిన సొరుగు చిటికెనవేలితో నెడితే మూసుకునేది. ఇప్పుడేమో లండన్ నుంచి కార్లేసుకుని వచ్చేవాళ్లు సొరుగు ఇరుక్కుంటే "ఆహా, ఎంత సహజంగా ఉంది!" అని మురిసిపోతున్నారు. నునుపు ఎవడికీ అక్కర్లేదు. నేర్చుకున్న విద్య నేర్చుకున్నట్టే చెదలు పట్టింది. అలాంటి నాకు హెస్టర్ పొరుగు. నా ఖర్మ ఎలా కాలిందో చూడండి.

పోయిన చలికాలం ఆవిడ మేడమీది అతిథి గది పట్టుకుంది. పాతకాలపు కుటీరంలో గదిలా ఉండాలట. గోడలకు గులాబీ పూల కాగితం వచ్చింది. ఇనప మంచం వచ్చింది. దాని మీద అతుకుల బొంత, కిటికీకి అల్లిక తెర వచ్చాయి. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత, ఆవిడ పెళ్లికి ఇరవయ్యేళ్లు నిండినప్పుడు నేను చేసిచ్చిన ఓక్ చెక్క బీరువాకు సున్నంలాంటి తెల్లరంగు పూసింది. ఆరాక, గరుకు కాగితంతో గీకేసింది.

"గీకేదానికి పూయడం ఎందుకండీ?"

"పూయకపోతే ఏం గీకమంటావు?"

ఆ కాగితం లాక్కుని పొయ్యిలో వెయ్యాలనిపించింది. అయినా వెయ్యలేదు. ఎందుకంటే ఆ గది ఎవరి కోసమో నాకు తెలుసు.

ఆవిడకు లవీనియా అని ఒక అక్క ఉంది. పక్క ఊళ్లో ఒంటరిగా ఉంటుంది. బడికి హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయింది గానీ, నోరు మాత్రం రిటైరవలేదు. హెస్టర్ తొమ్మిదేళ్లప్పుడు వాళ్లమ్మ నీలం పింగాణీ టీ కెటిల్ బద్దలుకొట్టిందట. ఆ తర్వాత వరసగా అరవయ్యైదు క్రిస్మస్‌లు లవీనియా ఆ కథ చెప్పింది. "మా హెస్టర్ చేతులు చేతులు కావు, జల్లెళ్లు" అని పదిమంది ముందూ నవ్వించేది. హెస్టర్ కూడా నవ్వేది. నాకు మాత్రం ఒళ్లు మండేది.

ఆ లవీనియా రెండేళ్లుగా గడప దాటడం లేదు.

"చర్చికి కూడా వెళ్లడం లేదు అబ్బాయ్," అంది హెస్టర్ ఓ రోజు. "నేను వెళ్తే తలుపు దగ్గరే నిలబెట్టి పంపేసింది. టీ కూడా ఇవ్వలేదు. సగానికి సగం అయిపోయింది మనిషి. అది ఒక్కతే ఆ ఇంట్లో తిండి మానేసి పోతుందని భయంగా ఉంది. ఎలాగైనా ఇక్కడికి తెచ్చుకోవాలి."

"పోనిద్దురూ. మీకు తిట్లు కరువయ్యాయా?"

"మా అక్కయ్య అది!" అని కసిరింది. మూడు ఉత్తరాలు రాసింది. మూడింటికీ 'వీలుపడదు' అనే జవాబొచ్చింది.

అప్పుడు ఆవిడ పిచ్చి ముదిరింది. ఓ పొద్దున వెళ్లేసరికి వంటగదిలో కూర్చుని, చర్చి సంతలో ముచ్చటపడి కొన్న పూల కప్పుల అంచులు చెంచా వెనకతో టక్కుటక్కుమని కొడుతోంది. ఒక్కో కప్పుకూ ఒక్కో పెచ్చు.

"ఇది కూడా కుటీరం పద్ధతేనా?" అన్నాను.

"ఆ. నువ్వు సమయానికి వచ్చావు. రంపం తెచ్చుకో. మేడమీద బల్ల కాలు ఒకటి కాస్త కొయ్యాలి."

"కొయ్యడమేంటి? ఊగుతుంది."

"ఊగాలి."

ఆ బల్ల నేను చేసింది. నలభయ్యేళ్లలో నా బల్ల ఊగిందని అన్నవాడు ఈ జిల్లాలో పుట్టలేదు. నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఆవిడ నా మాట వింటేగా! "నువ్వు కొయ్యకపోతే నేనే కోస్తాను" అని రంపం తిరగేసి పట్టుకుంది. చూస్తూ చూస్తూ ఆ కసాయితనం భరించలేక నేనే కోశాను. కోసి, వారం రోజులు ఆవిడతో మాట్లాడలేదు.

ఆ వారంలోనే నాలుగో ఉత్తరం వెళ్లింది. దాని చిత్తుప్రతిని, మాటలు కలిశాక నాకు చదివి వినిపించింది. 'అక్కా, గది బాగుచేద్దామని మొదలుపెట్టి అంతా పాడుచేశాను. ఇంట్లో ఒక్క కప్పు సరిగా లేదు. నువ్వు వచ్చి చూస్తే తప్ప నావల్ల కాదు.' ఎగతాళి చేసే అవకాశం లవీనియా వదులుకుంటుందా? ఆ తర్వాతి గురువారం టాక్సీలో దిగింది.

నిజంగానే సగమైపోయింది. నిటారుగా నిలబడింది గానీ, చేతులు కోటు జేబుల్లోంచి తియ్యలేదు. గది గుమ్మంలో నిలబడి మొదలుపెట్టింది.

"ఏమే, ఇది గదా, పాత సామాన్ల కొట్టా? ఆ బీరువాకు గజ్జి పట్టిందా?"

"రేపటి దాకా ఉండి చెప్పక్కా, ఏం చెయ్యాలో. ముందు టీ తాగు. అబ్బాయ్, నువ్వూ కూర్చో."

హెస్టర్ కప్పులు నిండా పోసింది. లవీనియా చాలాసేపు ముట్టలేదు. చివరకు జేబులోంచి చెయ్యి తీసి కప్పు ఎత్తింది. కప్పు సాసరుకు తగిలి టకటకమంది. ఆగలేదు. టీ బల్లమీద ఒలికింది. ఆ చెయ్యి ఆకులా వణుకుతోంది. లవీనియా ముఖం పాలిపోయింది.

హెస్టర్ తలెత్తలేదు. మోచెయ్యి బల్లమీద ఆనించింది, అంతే. బల్ల ఒరిగింది. మూడు కప్పులూ గలగలమన్నాయి. నా టీ నా ఒళ్లో పడింది.

లవీనియా వణికే చేతినీ, బల్లనూ, నన్నూ వరసగా చూసింది. ముఖంలోకి రంగొచ్చింది. గొంతులోకి హెడ్మిస్ట్రెస్ వచ్చింది.

"ఈ బల్ల చేసిన మహానుభావుడెవరు?"

నాకు అప్పుడు అర్థమైంది: టీ కూడా ఇవ్వకుండా తలుపు దగ్గర్నుంచే పంపేసిన అక్క ఏం దాస్తోందో హెస్టర్ ఆనాడే కనిపెట్టింది. పెచ్చులూడిన కప్పులూ అర్థమయ్యాయి, ఉత్తరమూ అర్థమైంది. ఇన్నాళ్లూ ఈ మనిషిని పిచ్చిదన్నానే అని సిగ్గేసింది. హెస్టర్ తన కప్పులోకే చూస్తోంది.

"నేనేనమ్మా," అన్నాను.

"కళ్లు మూసుకుని చేశావా? తాగి చేశావా?"

నేను జన్మలో చుక్క ముట్టనివాణ్ని.

"తాగేనమ్మా. అప్పట్లో కాస్త ఎక్కువగా ఉండేది."

"అదీ సంగతి!" అంది లవీనియా తృప్తిగా. పగిలిన అంచు చూసుకుంటూ, రెండు చేతులతో కప్పు పట్టుకుని, ఒలికింది ఒలకగా మిగిలిందంతా తాగేసింది. "ఇంకాస్త పొయ్యవే. ఆ కేకు ముక్క ఇటివ్వు. జల్లెడ చేతుల దానివి నువ్వు, తాగుబోతు వడ్రంగి వీడు. మీ ఇద్దరికీ వదిలేస్తే ఈ కొంప కూలిపోతుంది. నేను ఈస్టర్ దాకా ఉంటాను."

"అలాగే అక్కా," అంది హెస్టర్.

నా సంగతంటారా? నేను తాగుబోతునని ఆదివారానికల్లా ఊరంతా పాకింది. ఇక ఈ చుట్టుపక్కల నాచేత ముక్కాలిపీట చేయించుకునేవాడు కూడా లేడు. ఆ రోజు లవీనియా చెల్లెలి చెయ్యి పట్టుకుని, రెండేళ్ల తర్వాత చర్చికి వచ్చింది. వస్తూనే ప్రార్థించాల్సినవాళ్ల జాబితాలో నా పేరు రాయించింది. పాస్టరుగారు మొహమాటపడుతూ, "మన సోదరుడు వాల్టర్, ఆయన బలహీనత కోసం" అని చదివారు. అందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు.

అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాను.